రెండు రూపాయల ఉప్మా

ఆమధ్య శంషాబాద్ విమానాశ్రయంలో నేను రెండు రూపాయలకు ఉప్మా తిన్నాను. ఉప్మా ఒక్కటే కాదు, దాంతోపాటు రెండిడ్లీలు, ఒక గారె, నాలుగు పుచ్చకాయ ముక్కలు, మిషన్ కాఫీ. అన్నీ కలిపి రెండే రూపాయలు. ఈ సంగతి ఇప్పటికి నలభై మందికి చెప్పాను. ముప్ఫై తొమ్మిది మంది కుళ్ళుకున్నారు. నలభయ్యో మనిషి మా ఆవిడ.

ప్రీమియం ట్రావెల్ క్రెడిట్ కార్డు మీద మన సమాజంలో చాలా అపోహలున్నాయి. అవి ఎక్కువగా ఆ కార్డు లేనివాళ్ళు పుట్టించినవి. ఉన్నవాణ్ణి కాబట్టి నాలుగు నిజాలు చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

ఈ కార్డు కోసం నేను ఎవరి వెంటా పడలేదు. అదే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఒకరోజు భోజనాల వేళ ఫోన్ మోగింది. "సార్, మీ ప్రొఫైల్ చూసి సెలెక్ట్ చేశాం సార్" అంది ఒక గొంతు. పెళ్ళిచూపుల తర్వాత నన్ను ఎవరైనా సెలెక్ట్ చేయడం అదే మొదటిసారి. అప్పుడు కూడా నాలుగో సంబంధానికి గానీ కుదరలేదు. ఫీజు ఎంతని అడగడం మర్యాద అనిపించలేదు. తర్వాత తెలిసింది, పదివేలు. జీఎస్టీ పద్దెనిమిది వందలు. మొత్తం 11,800.

కార్డు పెట్టెలో వచ్చింది. పెట్టెలో ఇంకో పెట్టె, అందులో నల్లటి మెత్త, ఆ మెత్త మీద కార్డు. మా పెళ్ళిలో మంగళసూత్రాన్ని కూడా ఇంత భద్రంగా తేలేదు. ప్లాస్టిక్ కాదు, లోహం. బల్ల మీద వేస్తే ఖంగుమంటుంది. ఆ రోజు మొత్తం ఇరవైసార్లు వేసి చూశాను. సాయంత్రం వీధి చివరి కిరాణా కొట్లో గర్వంగా తీసి ఇస్తే ఆయన అటూ ఇటూ తిప్పి, "స్కానర్ ఉంది కదండీ, ఈ రేకెందుకు?" అన్నాడు. అపోహలంటే ఇవే.

ఇక లాంజ్ సంగతి. లాంజ్ అంటే విమానాశ్రయంలో ఇలాంటి కార్డున్నవాళ్ళను ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టే హాలు. నాకు విజయవాడలో పనిబడింది. మామూలు మనుషులు కూకట్‌పల్లిలో బస్సెక్కుతారు. ప్రీమియం మనుషులు విమానమెక్కాలి. విమానం తొమ్మిది నలభైకి. లాంజ్‌ని తనివితీరా వాడుకోవాలంటే ముందే వెళ్ళాలి కాబట్టి తెల్లవారుజామున నాలుగున్నరకే ఇల్లు వదిలాను. సెక్యూరిటీ దాటి వెళ్ళేసరికి లాంజ్ బయట నాలాంటి సెలెక్టెడ్ మనుషులు ముప్ఫై మంది వరసలో నిలబడి ఉన్నారు. రేషన్ షాపు వరసకీ దీనికీ తేడా ఏమీ లేదనుకుంటారేమో, ఉంది. అక్కడ సంచులుంటాయి, ఇక్కడ చక్రాల పెట్టెలుంటాయి. రేషన్ షాపులో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు కూడా.

అరగంటకు నా వంతు వచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి కార్డు తీసుకుని మిషన్‌లో పెట్టింది. రెండు రూపాయలు పోయినట్టు మెసేజ్ వచ్చింది. కార్డు అసలుదో కాదో తేల్చుకోవడానికి ఆ రెండు రూపాయలు గీకుతారట. లోపల కుర్చీ దొరకడానికి ఇంకో పావుగంట. ఒక పెద్దమనిషి కాఫీ ముగిస్తుంటే ఆయన పక్కనే నిలబడ్డాను. పెళ్ళిళ్ళలో తింటున్నవాళ్ళ వెనక కుర్చీ పట్టుకుని నిలబడే విద్య మనకు ఉగ్గుపాలతో వచ్చిందే, ఎక్కడికీ పోదు. నా పక్క బల్ల దగ్గర మెడలో దిండు వేసుకున్న ఒకాయన మూడు అరటిపళ్ళు తిని నాలుగోది ల్యాప్‌టాప్ సంచిలో వేసుకున్నాడు. మా చూపులు కలిశాయి. ఆయన తలూపాడు, నేనూ తలూపాను. ఒకే వర్గానికి చెందినవాళ్ళం.

ఉప్మా చల్లగా ఉంది. అదే ఉప్మా ఇంట్లో పెడితే నేను మూడు తరాల ప్రస్తావన తెస్తాను. ఇక్కడ రెండుసార్లు వడ్డించుకున్నాను. ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాను.

గన్నవరంలో దిగి, క్యాబు పట్టుకుని, బెంజి సర్కిల్ చేరేసరికి పన్నెండు కావచ్చింది. అదే నాలుగున్నరకు కూకట్‌పల్లిలో బస్సెక్కిన మా ఆఫీసు కుర్రాడు సూర్యాపేటలో టిఫిన్ చేసి, నిద్రపోయి, విజయవాడలో దిగి, పని ముగించుకుని నాకు ఎదురొచ్చాడు. "ఫ్లైట్‌లో వచ్చారా సార్, లేటయిందా?" అన్నాడు. లేటవలేదు నాయనా, సరిగ్గా టైముకే వచ్చింది అన్నాను.

ఇంటికి రాగానే మా ఆవిడ లెక్క తీసింది. ఆవిడకు వాణిజ్యశాస్త్రంలో డిగ్రీ లేదు, చిట్టీలు వేసిన అనుభవం ఉంది. ఏడాదికి నేను లాంజ్‌కి వెళ్ళేది నాలుగుసార్లు. 11,800ని నాలుగుతో భాగిస్తే 2,950. దానికి రెండు కలిపితే ఆ ఉప్మా ప్లేటు 2,952 రూపాయలు. మా సందు మొదట్లో బండి మీద ప్లేటు నలభై. ఏడాది ఫీజు 11,800తో 295 ప్లేట్లు. రోజుకొకటి చొప్పున ఉగాదికి మొదలుపెడితే సంక్రాంతి దాకా తినొచ్చు. "వేడిగా, చట్నీతో" అని కూడా అంది.

ఇందులో ఆవిడ ఒక విషయం మర్చిపోయింది. ఏడాదిలో ఎనిమిది లక్షలు ఖర్చు పెడితే ఆ ఫీజు మాఫీ. అంకుశం ఊరికే ఇస్తామంటే ఏనుగును కొనడానికి బయల్దేరినవాణ్ణి నేను.

కార్డు వల్ల మనిషిలో సేవాభావం ఎలా పెరుగుతుందో అప్పుడు తెలిసింది. ఆఫీసులో పదకొండు మందిమి బిర్యానీకి వెళ్ళాం. బిల్లు 4,620. అందరూ జేబులు తడుముకుంటుంటే నేను లేచి, "ఉండండి, నేను కడతాను, మీరు నాకు ఫోన్‌పే చేయండి" అన్నాను. కార్డు గీకినందుకు బ్యాంకు బహుమతిగా పాయింట్లు ఇస్తుంది. ఆ ఒక్క మాటతో 115 పాయింట్లు సంపాదించాను. పాయింటు అర్ధరూపాయి లెక్కన 57 రూపాయల యాభై పైసలు. ఇద్దరు ఇంకా డబ్బు పంపలేదు. తలకు 420 చొప్పున 840. పెద్ద ప్రయాణంలో చిన్న చిన్న ఒడుదుడుకులు మామూలే.

మా మామగారి మోకాలి ఆపరేషన్ విషయంలో కుటుంబం మొత్తం నన్ను కొత్తగా చూసింది. ఆస్పత్రివాళ్ళు మూడు లక్షల ఇరవై వేలు అన్నారని తెలియగానే అందరికంటే ముందు నేనే గుంటూరు చేరాను. బిల్లింగ్ కౌంటర్ ఎక్కడో కనుక్కుని దాని ఎదురుగా కూర్చున్నాను. "సొంత కొడుకు కూడా ఇంత చేయడు" అని అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. అంతలో మా బావమరిది వచ్చి, "టెన్షన్ పడకు బావా, నాన్నకు ఇన్సూరెన్స్ ఉంది, క్యాష్‌లెస్" అన్నాడు. ఆ మాట విన్నాక నా మొహం చూసి ఒక నర్సు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. దేవుడు మరీ అంత నిర్దయుడు కాదు. గ్లౌజులు, దూది, సిరంజిలు ఇన్సూరెన్సులోకి రావని చెప్పి 11,460 రూపాయలు మా నెత్తిన వేశారు. ఖంగుమని గీకాను. మామగారు కళ్ళు తెరవగానే మొదట అడిగింది నా గురించేనట.

ఇలా ఏడాదంతా గీకి గీకి పాయింట్లు కూడబెట్టాను. రెండు వందలకు అయిదు పాయింట్లు కాబట్టి ఎనిమిది లక్షలకు ఇరవై వేలు రావాలి. వచ్చినవి 12,480. పెట్రోలుకు పాయింట్లు లేవు. అద్దెకు లేవు. బంగారానికి లేవు, ఆస్తిపన్నుకు లేవు, వాలెట్‌లో వేసుకుంటే లేవు. మనిషి తప్పనిసరిగా పెట్టే ఖర్చు దేనికీ ఉండవు. అక్కర్లేనివాటికి ధారాళంగా ఇస్తారు. వాటిని వాళ్ళ సైట్లో విమానం టికెట్టుకు వాడితే పాయింటుకు అర్ధరూపాయి, కేటలాగులో మిక్సీ కొంటే పావలా, బిల్లులో తగ్గించుకుంటే ఇరవై పైసలు. నేను టికెట్టే కొన్నాను. విమాన కంపెనీ సొంత సైట్లో కంటే అక్కడ తొమ్మిది వందలు ఎక్కువుంది. పాయింట్లు వాడుకున్నందుకు రుసుము 99, జీఎస్టీతో 116 రూపాయల 82 పైసలు. నా డబ్బు నేను తీసుకుంటే రుసుమేమిటని అడగబోయాను గానీ, అది నా డబ్బు కాదని, వాళ్ళ దయ అని షరతుల్లో ముందే రాసి ఉంది.

డాలస్‌లో ఉండే మా మేనల్లుడు ఈ విద్యలో నాకు గురువు. అక్కడ ఛేజ్ సఫైర్ రిజర్వ్ అనే కార్డు 2016లో వచ్చినప్పుడు చేరినందుకే లక్ష పాయింట్లు ఇచ్చారు. ఫీజు అప్పట్లో 450 డాలర్లు, 2025లో 795 చేశారు. "అదంతా క్రెడిట్ల రూపంలో వెనక్కొచ్చేస్తుంది మామయ్యా" అంటాడు. క్రెడిట్లంటే వాళ్ళు చెప్పినచోట ఖర్చు పెడితే తిరిగిచ్చే డబ్బు. ఆ క్రెడిట్లు ఏవి ఎప్పటిలోగా వాడాలో గుర్తు పెట్టుకోవడానికి వాడికొక ఎక్సెల్ షీటు ఉంది. ఆ షీటు కోసం ఆదివారాలున్నాయి. పోయినేడు పాయింట్లతో ఇండియాకు ఊరికే వచ్చాడు. పాయింట్లకు సీటు దొరికిన తేదీ చెల్లెలి పెళ్ళయిన మూడో రోజు. అయినా వచ్చాడు. ఊరికే కదా.

ఈ ఊరికే వచ్చేదానికి డబ్బు ఎవరు కడుతున్నారని అడిగేవాళ్ళుంటారు. నేను కార్డు గీకినప్పుడల్లా దుకాణదారు దగ్గర వందకు దాదాపు రెండు రూపాయలు కోసుకుంటారు. యూపీఐకి 2020 జనవరి నుంచి ఆ కోత లేదు. అందుకే కిరాణా కొట్టాయన నా కార్డును రేకు అన్నాడు. అయితే అసలు పోషకుడు ఆయన కాదు. ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చుంటాడు.

మా ఊళ్ళో వడ్డీని శాతాల్లో చెప్పరు. రూపాయి వడ్డీ అంటే ధర్మాత్ముడు. రెండు రూపాయలంటే వ్యాపారి. మూడు రూపాయలన్నవాడి పేరు పొద్దున్నే ఎత్తరు. క్రెడిట్ కార్డు బాకీ నిలబెడితే చాలా కార్డుల్లో మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి నలభై రెండు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. మూడు రూపాయల వడ్డీవాడు ఎంత దుర్మార్గుడైనా జీఎస్టీ అడగడు. ఏడాదికి 30 శాతం మించితే అది అనుచిత వ్యాపారమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. అది చెప్పే అధికారం కమిషన్‌కు లేదని, ఆ పని రిజర్వు బ్యాంకుదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. మర్నాడు పక్క సీటాయన పేపర్లో ఆ వార్త చదివి, మడిచి, టిఫిన్ డబ్బా కింద పరుచుకున్నాడు.

ఆయన లక్ష బాకీ ఉన్నాడు. నెలనెలా మినిమం డ్యూ అని, అంటే కనీసం కట్టి తీరాల్సింది, అయిదు వేలు కడతాడు. అందులో వడ్డీకి 3,500, దాని జీఎస్టీకి 630 పోను అసలులో తరిగేది 870. కార్డు గీకింది కొడుకు ఇంజనీరింగ్ ఫీజుకు. ఆయన జీవితంలో విమానం ఎక్కలేదు. నా ఉప్మాలో జీడిపప్పు ఆయనదే. ఈ లెక్క తెలిసిన రోజు కృతజ్ఞతగా ఆయన్ని టీకి తీసుకెళ్ళాను. టీ కొట్లో కార్డు తీసుకోరు, నా దగ్గర చిల్లర లేదు. ఆయనే ఇచ్చాడు.

మొన్న మా ఆవిడతో కలిసి విశాఖ బయల్దేరాను. ఆవిడకు లాంజ్ చూపించి నోరు మూయించాలని ఏడాదిగా అనుకుంటున్నాను. ఎందుకైనా మంచిదని ఆవిడ స్టీలు డబ్బాలో పులిహోర పెట్టుకుంటుంటే మందలించాను కూడా. వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. అమ్మాయి కార్డు మిషన్‌లో పెట్టింది. మిషన్ కూసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ కూసింది.

"పోయిన క్వార్టర్‌లో, అంటే మూడు నెలల్లో, అరవై వేలు ఖర్చు కాలేదు సార్. రూల్ మారింది. మెయిల్ వచ్చి ఉంటుంది చూడండి."

మెయిల్ వచ్చింది. 'మీ ప్రయాణ అనుభవాన్ని మరింత మెరుగుపరుస్తున్నాం' అని దాని పేరు. మెరుగు కదా అని నేను తెరవలేదు.

వెనక వరస కదలమంటోంది. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి, అడుగున వెతికి, ఒక రెండు రూపాయల బిళ్ళ తీసి కౌంటర్ మీద పెట్టింది. "ఇద్దరికీ కలిపి రెండా, తలకు రెండా అమ్మా?" అని అడిగింది.

ఆ అమ్మాయి నవ్వలేదు. ట్రైనింగ్ అలాంటిది.

గేటు దగ్గర కుర్చీల్లో కూర్చుని పులిహోర తిన్నాం. పల్లీలు కరకరలాడుతున్నాయి. మెడలో దిండు వేసుకున్న ఒకాయన లాంజ్‌లోంచి వచ్చి ఎదురుగా కూర్చుని డబ్బా వంక చూస్తుంటే మా ఆవిడ మూతలో కొంచెం పెట్టి ఇచ్చింది.

ఈ క్వార్టర్ ముగియడానికి ఇంకా పన్నెండు రోజులుంది. నాకు ఇంకా పద్దెనిమిది వేలు తక్కువ. మీలో ఎవరైనా ఫ్రిజ్ కొనే ఆలోచనలో ఉంటే ఒక మాట చెప్పండి. కార్డు నాది, ఫోన్‌పే మీది.