మా పెరట్లోని ఆల్బుకరా చెట్టు గారికి

మహారాజశ్రీ ఆల్బుకరా చెట్టు గారి సముఖానికి,

శ్రీకాకుళం నుంచి, అంటే మీకు పన్నెండడుగుల దూరంలో ఉన్న వెనక వరండాలోంచి, మీ యజమాని రాసుకునే విన్నపం. యజమాని అని అలవాటుకొద్దీ రాశాను. ఏడేళ్లుగా బిందెలతో నీళ్లు మోస్తున్నవాణ్ని ఏమంటారో మీకే తెలియాలి.

నిన్న జరిగిందంతా మీరు దగ్గరుండి చూశారు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ తలెత్తితే మీ తూర్పు కొమ్మ చివర తెల్లగా ఏదో కనబడింది. పువ్వు! బ్రష్షు నోట్లో ఉండగానే మా ఆవిణ్ని కేకేశాను. ఆవిడ పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. పాలు పొంగిపోయాయి. శుభమే అనుకున్నాం. ఫోనులో జూమ్ చేసి ఫొటో తీసి, కింద ‘ఎట్టకేలకు’ అని రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పదకొండు దణ్ణాలు, నాలుగు పూలగుత్తులు, హైదరాబాదు నుంచి మా అమ్మాయి ‘నాన్నా, కంగ్రాట్స్’ అని వాయిస్ మెసేజి. మధ్యాహ్నానికి రాజాం నుంచి మా బావమరిది బస్సెక్కి వచ్చి దిగిపోయాడు. ఉత్తచేతులతో రావడం ఎందుకని దారిలో ఒక ప్లాస్టిక్ డబ్బా కొనుక్కొచ్చాడు. అందులో ఆరు ఆల్బుకరా పళ్లు. “మన చెట్టు పళ్లు దిగేదాకా ఇవి కానివ్వండి బావా” అన్నాడు. డబ్బా మీది స్టిక్కరు చదివాను. చిలీ దేశం నుంచి వచ్చాయట. సముద్రాలు దాటి ఆ పళ్లు మా వరండా చేరాయిగానీ, మీ కొమ్మ నుంచి ఒక్కటీ కిందికి దిగలేదు.

నిచ్చెన వేశాను. బావమరిది పట్టుకున్నాడు. గోడ అవతల పక్కింటాయన లేచి చూశాడు.

“ఏటి సుబేదారుగారూ, ఎండన పడి నిచ్చెనెక్కీసినారు?”

“పువ్వండీ. పూసింది.”

ఆయన కళ్లజోడు సర్దుకుని, తీరిగ్గా చూసి, “అది మా ములగ పువ్వండి. రేత్రి గాలికి రాలిపోనాది. సాలీడు గూట్లో సిక్కుకుంది, సూడండి” అన్నాడు.

చూశాను. నిజమే. ఊపిరి తగిలితే ఊగుతోంది. వేలు పెడితే గూడుతో సహా నా చేతికొచ్చింది. బావమరిది నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. గ్రూపులో ఆ ఫొటో ఇంకా అలాగే ఉంది, గంటకొకరు దణ్ణం పెడుతున్నారు. తీసేద్దామంటే ఎందుకు తీశావని అడుగుతారు.

సరే, మొదలుపెట్టిన తప్పు నాదే. మిలటరీలో ఉండగా పంజాబ్‌లో మూడేళ్లు చేశాను. ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్న లేచేసరికి, క్వార్టర్స్ గోడ అవతల సర్దార్జీ పెరట్లో మీ జాతివారొకరు ఆకన్నది లేకుండా ఒళ్లంతా తెల్లగా విరబూసి ఉన్నారు. చెట్టంతా తేనెటీగల రొద. మేలో పళ్లు. పిడికిట్లో పట్టుకుని కొరికితే మోచేతి దాకా రసం కారేది. అది మనసులో పెట్టుకునే రిటైరై వచ్చాను. 2019 వానల్లో ట్రాలీ ఆటోలో మొక్కలమ్ముకుంటూ ఒకాయన మా వీధికొచ్చాడు. కొమ్మకు దారంతో కట్టిన కాగితం మీద ఊదారంగు పళ్ల బొమ్మ. “రెండేళ్లలో కాపు సార్. మూడో ఏడు పంచలేక మీరే ఛస్తారు” అన్నాడు. నాలుగొందల యాభై. రకం పేరేమిటయ్యా అంటే “ప్లమ్ సార్” అన్నాడు. ఆ మాటకొస్తే ఇంగ్లీషువాడు మన రేగును ఇండియన్ ప్లమ్ అన్నాడు, నేరేడును జావా ప్లమ్ అన్నాడు. నోరు తిరగని పండల్లా వాడికి ప్లమ్మే. మీరు రేగో నేరేడో అయి ఉన్నా ఈపాటికి బతికిపోయేవాణ్ని. మా వీధి చివర ముళ్లకంపలో ఎవరూ నాటని రేగు ఉంది. నీళ్లు పోసినవాడు లేడు, ఎరువేసినవాడు లేడు. అయినా ఏటా సంక్రాంతికి భోగిపళ్లకు తక్కువ చెయ్యదు.

తమరి అభ్యంతరమేమిటో నాకు తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. తోటల పని తెలిసిన పెద్దాయనొకరు వచ్చి చూసి చెప్పారు. తమకు చలి కావాలట. ఏడు డిగ్రీల కంటే దిగిన చలి, గంటల లెక్కన. కొండల్లో పెరిగే రకాలకు ఏడెనిమిది వందల గంటలు. తక్కువ చలితో సర్దుకుపోయే రకాలకైనా రెండు మూడు వందల గంటలు. మూడు వందలంటే రాత్రీ పగలూ కలిపి పన్నెండున్నర రోజులు! ఆ లెక్క పూర్తయితేగానీ మొగ్గ నిద్ర లేవదట. అయ్యా, ఇది శ్రీకాకుళం. పాదరసం పదిహేను దాటి కిందికి దిగితే ఊరంతా మంకీ క్యాపులు పెట్టుకుని టీ కొట్ల దగ్గర చేరుతుంది. పైగా అరసవల్లిలో సాక్షాత్తూ సూర్యభగవానుడు కొలువున్న చోటు. ఆయన ఊళ్లో కూర్చుని చలి చాల్లేదని అలిగే చెట్టును ఎక్కడైనా చూశారా? అంత చలి కావాలంటే లంబసింగి వెళ్లాల్సింది. ట్రాలీ ఆటో ఎక్కేముందే చెప్పాల్సింది.

అయినా నేను ఊరుకున్నానా? చేపల బజారు నుంచి గోనెసంచుల్లో ఐసు తెచ్చి మీ మొదట్లో పోశాను. వారం రోజులు వీధిలో పిల్లులన్నీ మీ నీడలోనే కాపురం పెట్టాయి. తరవాత పెద్దాయన చెప్పారు, చలి లెక్కపెట్టుకునేది వేళ్లు కాదట, కొమ్మమీది మొగ్గలట. ఒక్కొక్క మొగ్గా ఎవరి పద్దు వారే రాసుకుంటుందట. బ్యాంకు పాసుబుక్కులా! చలికి ఆకు రాల్చడం మీ ఆచారం కదా, అదైనా సరిగ్గా రాలుస్తారా? సగం పండుబారి, సగం పచ్చగా, ఎటూ తేల్చరు. దీపావళి వెళ్లాక ఆకంతా నేనే చేత్తో దూసేశాను. బోడిగుండుతో పది రోజులు నిలబడి, పూతకు బదులు మళ్లీ ఆకే వేశారు. యూరియా వేస్తే నిలువుగా బెత్తాల్లాంటి కొమ్మలు లేచాయిగానీ వాటిమీద మొగ్గ లేదు. నత్రజని ఎక్కువైతే అంతేనట. మరోసారి ముళ్లలా మొండిగా కనబడుతున్నాయని పొట్టి కొమ్మలన్నీ శుభ్రంగా కత్తిరించాను. పూత వచ్చేదే వాటిమీదట. పైగా ఈ ఏటి పూమొగ్గ నిరుటి వేసవిలోనే కట్టాలట. అంటే నేను చేసిన తప్పుకు శిక్ష ఏడాది తరవాత పడుతుంది. కోర్టు వాయిదాలే నయం.

అన్నిటికీ మించి, తోడు కావాలట! పంజాబ్‌లో సట్లెజ్ పర్పుల్ అనే రకం పక్కన కాలా అమృత్‌సరి లేకపోతే కాయే నిలవదట. పుప్పొడి అక్కణ్నుంచి రావాలి. మీ రకమేదో మీకే తెలియదు, ఇక సంబంధం ఎక్కడ వెతకను? ఒక్కరికే పెరడు చాలక నేను చేసిన పని...

ఇక మీరు, తమరు నావల్ల కాదు. నువ్వు అంటాను. పడు.

నీకోసం జామచెట్టు కొట్టేశాను. విన్నావా? నువ్విప్పుడు నిలబడ్డ చోట మా జామ ఉండేది. ఎర్రజామ. మా నాన్న పెట్టింది. బెరడు పొరలు పొరలుగా ఊడి, లోపల నున్నగా, ఎండాకాలం చెయ్యి ఆనిస్తే చల్లగా ఉండేది. ఆ చల్లదనం గంటల్లో లెక్కపెడితే నీకు సరిపోయేదేమో! కింద పంగలో మా అమ్మ ఉప్పూ కారం పొట్లం పెట్టి ఉంచేది, బడి నుంచి వచ్చే పిల్లలు ఇంట్లోకొచ్చి అడగకుండా. చిలకలు కొట్టినవి కొట్టగా, వీధికి పంచినవి పంచగా, ఇంకా మిగిలేవి. దాన్నెవరూ కత్తిరించలేదు, దానికెవరూ ఐసు మోయలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస పడుకోబెట్టేసింది. ఆ రాత్రి గాలికి మా వంటింటి రేకు లేచిపోయింది. మేం నడవలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. తెల్లారి తలుపు తీసేసరికి ఒక కొమ్మ విరిగి, మిగతా చెట్టు నిలబడే ఉంది. తుపానుకు నిలబడింది. ఏడాది తిరక్కుండా నా గొడ్డలికి నిలబడలేదు. “చోటు లేదు కదా, దానికి ఎండ కావాలి” అన్నాను నేను. మా అమ్మ ఒక్క మాటే అంది. “నీ ఇష్టం నాయినా.” తరవాత రెండేళ్లకు ఆవిడా పోయింది. నీ పండు ఎలా ఉంటుందో చూడలేదు. జామపండు కావాలని కూడా మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

నిన్న సాయంత్రం బావమరిదిని బస్టాండు సందు దాకా సాగనంపి వస్తుంటే తోపుడుబండి మీద జామపళ్లు. కిలో అరవై. అరకిలో కొన్నాను. తూచేవాడు నన్ను పరాయివాడిలా చూసి, “తియ్యగుంటాయి సార్, ఉద్దానం కాయ” అన్నాడు. మా వీధిలో జామపండు కొనుక్కుని ఇంటికెళ్లినవాణ్ని నేనే మొదటివాణ్నేమో. నడుస్తూ ఒకటి కొరికాను. తెల్లజామ. బాగానే ఉంది. అదే మరీ కోపం తెప్పించింది.

ఇంటికొచ్చి అటక మీంచి రంపం దించాను. నువ్వు చూశావు. చీకటి పడుతోంది, నీ మొదట్లో రంపం ఆనించాను. మా ఆవిడ బకెట్టుతో వచ్చి నిలబడింది. ఏడుపో, శాపమో, మా అమ్మ ఊసో ఏదో ఒకటి వస్తుందని ఎదురుచూశాను.

“అది కొట్టేస్తే దండెం ఎక్కడ కడతారు?” అంది. “ఆ మూల స్తంభం నుంచి దీనికే కదా. రేపు దుప్పట్లు ఉన్నాయి.”

రంపం పైకెక్కించాను. పొద్దున్న నీ మెడకు కొత్త నైలాన్ తాడు బిగించాను. పాతది కొంచెం కోసుకుపోయి నీ బెరడులో గాటు పడింది, దాని కింద గోనెముక్క చుట్టాను. అది చూసి ఏదేదో ఊహించుకోకు. తాడు జారకుండా ఉండటానికి.

ఇట్లు,
నీకు నీళ్లు పోసేవాడు

తా.క.: మధ్యాహ్నం పక్కింటాయన గోడ మీంచి నాలుగు ములక్కాడలు అందించాడు. “మీ సెట్టుకి పూసిందాని కాయలేనండి, తీసుకోండి” అన్నాడు. పులుసు పెట్టింది మా ఆవిడ. ఫొటో గ్రూపులో పెట్టలేదు.