పంటి గార గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పంటి గార గారికి, కడప నుంచి రాయునది.

ఇక్కడ మేము క్షేమమని రాయలేం. మీరు క్షేమమని మాత్రం పొద్దున ఉమ్మిలో ఎరుపు చూస్తే తెలుస్తోంది. మెత్తటి పాచిగా పుట్టి, కొన్నాళ్ళు ఎవరూ కదిలించకపోతే లాలాజలంలోని కాల్షియం తాగి రాయైపోతారు. కింది ముందుపళ్ళ వెనక, లాలాజలం ఊరే చోటే ఇల్లు కట్టారు. నీళ్ళున్న జాగా వెతికే తెలివి సీమలో మీకూ అబ్బింది!

చిగురుకూ పంటికీ మధ్య సందు 3 మిల్లీమీటర్ల లోపుంటే మామూలే. దాన్ని 5, 6 చేసి, గాలి తగలని ఆ గుంతను పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి బాక్టీరియాకు అద్దెకిచ్చారు. ఫ్లూ వైరస్ ముల్లు ఒక ఎంజైము కత్తెరకు తెగితేనే కణంలోకి దూరగలదు. ప్రోటీన్లు కోసే కత్తెరలు మీ అద్దెదారుల దగ్గరా ఉన్నాయి, ఫ్లూకు మీవాళ్ళు సాయపడతారేమోనన్న అనుమానం అందుకే. పైగా నిద్రలో ఎంగిలి చుక్కలు ఊపిరితిత్తుల్లోకి జారుతుంటాయి. వైరస్ అక్కడి కాపలాను దెబ్బతీశాక మీవాళ్ళు దిగితే న్యుమోనియానే.

మా వైపు జనం కువైట్‌లో చెమటోడుస్తుంటే, మీరు ఖతర్‌లో పేరు తెచ్చుకున్నారు. అక్కడి 568 మంది కోవిడ్ రోగుల మీద 2021లో వచ్చిన అధ్యయనంలో, చిగుళ్ళ జబ్బున్నవాళ్ళకే ఐసీయూ, వెంటిలేటర్, మరణం ఎక్కువ. దాన్నిబట్టి నేరం మీదేనని రుజువు కాదనుకోండి. షుగరూ పొగాకూ మీ వెంటే తిరుగుతుంటాయి కాబట్టి లెక్కలో వాటినీ తీసేసి చూశారు, అయినా మీ పేరు పోలేదు.

మా సాయానికీ లోటు లేదు. రక్తం కనబడితే ఆ చోట బ్రష్ ఆపేస్తాం. జ్వరమొస్తే పళ్ళే తోమం. బొగ్గుపొడి రుద్దుతాం, ఎనామెల్ అరుగుతుంది, మీరు అరగరు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని భయం. కదిలేది మీ వల్ల ఎముక కరిగి. మిమ్మల్ని సిమెంటు అనుకున్నాం.

ఇక ఖాళీ చేయండి. రిమ్స్‌లోని ప్రభుత్వ దంత కళాశాలకు రానున్నాం. తర్వాత మెత్తటి బ్రష్, చిగురు అంచుకు 45 డిగ్రీల వాలు, చిన్న కదలికలు, 2 నిమిషాలు, రెండు పూటలా, జ్వరంలోనూ. సందుల్లోకి సందు బ్రష్. డాక్టరు రాస్తే 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే పుక్కిలించి ఉమ్మేసే మందు 10 మిల్లీలీటర్లు, పేస్టు వాడిన అరగంటకు. ఆ మందు రెండు వారాలు దాటి వాడితే పళ్ళు గోధుమరంగుకు తిరగొచ్చు.

ఇట్లు,
ఇంటి ఓనర్లు

తా.క.: మీరు పోయాక కొన్నాళ్ళు చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. అది మీరు కప్పిన పంటి వేళ్ళకు గాలి తగలడం. మళ్ళీ రమ్మని పిలుపనుకోవద్దు.