అన్ని లేజర్లకూ ఒకే కళ్లద్దాలు సరిపోవు
రక్షణ కళ్లద్దాలు పెట్టుకుంటే ఏ లేజరైనా ఇంట్లో వాడుకోవచ్చని కొందరు రాస్తుంటారు, ఈ మాట నేను ఒప్పుకోను. నా దగ్గర 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలం లేజర్ ఉంది, దాని కాంతిని నల్ల కాగితం మీద పెడితే క్షణంలో పొగ లేస్తుంది. దానికి వాడే నారింజ అద్దాలు చౌక ఆకుపచ్చ లేజర్‌కి కూడా పనికొస్తాయన్న భరోసా లేదు. ఆ ఆకుపచ్చ లేజర్ లోపల ఫిల్టర్ లేకపోతే 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతితో పాటు 808, 1064 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ (పరారుణ కాంతి) కూడా బయటికొస్తుంది, దాన్ని ఈ అద్దాలు ఆపకపోవచ్చు, అది కంటికి కనిపించదు కాబట్టి రెప్ప కూడా పడదు. పైగా లేజర్ శక్తి 500 మిల్లీవాట్లు దాటితే గోడ మీది చుక్కను దగ్గర్నుంచి చూడటమూ ప్రమాదమే, మరి పక్కన అద్దాల్లేకుండా నిలబడ్డ పిల్లల సంగతేంటి? నేనైతే నా లేజర్‌ని టెర్రస్ మీదికి అస్సలు తీసుకెళ్లను, శంషాబాద్‌లో దిగే విమానాలు మాకు కనిపిస్తూనే ఉంటాయి, పైలట్ల కళ్లలో ఆ కాంతి పడితే ప్రమాదం.