మావయ్యగారూ, పాత జైలూ

విశాఖపట్నంలో ఉండేవాళ్లకు ఒక జబ్బుంది. ఇంటికి చుట్టం దిగితే చాలు, ఈ కొండలూ సముద్రమూ మన తాతలు తవ్వించి వీలునామా రాసి ఇచ్చినట్టు మాట్లాడతాం. వేసవి సెలవులకు భీమవరం నుంచి మా అత్తవారు వచ్చినప్పుడు నాకు ఆ జబ్బు బాగా ముదిరింది.

ఆదివారం అంతా సవ్యంగానే గడిచింది. కైలాసగిరి రోప్‌వేలో అత్తయ్యగారు కళ్లు గట్టిగా మూసుకుని విష్ణు సహస్రనామం అందుకున్నారు. పైకి చేరి 40 అడుగుల శివపార్వతులను చూశాక, పొరపాటున వేరే దేవుణ్ణి పిలిచానని లెంపలు వేసుకున్నారు. దిగి తెన్నేటి పార్కుకు వెళ్లాం. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి ఒక బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి అక్కడి రాళ్ల మీద కూర్చుందని, దాన్ని చూడడానికి ఊరంతా కదిలిందని వర్ణించి చెప్పాను. మావయ్యగారు శ్రద్ధగా విని ఒకే మాట అన్నారు: “దారి తెలియనివాడికి బండి ఇస్తే అంతే మరి.”

మర్నాడు జూ. మధ్యాహ్నం కునుకు తీసి, పులిహోర, దద్దోజనం కట్టుకుని ఎనిమిది మందిమి రెండు ఆటోల్లో బయలుదేరాం. జూను 1977లో తెరిచారనీ, కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో ఉందనీ ముందు రోజు రాత్రే అందరికీ పాఠం చెప్పాను. సోమవారం సెలవని మాత్రం చెప్పలేదు. గేటు ముందు దిగాక ఆ సంగతి బోర్డు చెప్పింది.

“పులులక్కూడా సెలవేనా?” అని మావయ్యగారు అమాయకంగా అడిగారు. ఆ అమాయకత్వం నిజమో కాదో పెళ్లయిన పన్నెండేళ్లుగా తేల్చుకోలేకపోతున్నాను.

పరువు కాపాడుకోవాలి కదా! “వుడా పార్కుకు పోనీయండి” అని రెండు ఆటోలవాళ్లకూ దర్జాగా చెప్పాను. చేసిన తప్పల్లా అదే. బీచ్ రోడ్డులో ఉన్నదే మా దృష్టిలో వుడా పార్కు. వుడా అన్న పట్టణాభివృద్ధి సంస్థ 2018లో పేరు మార్చుకుని వీఎంఆర్‌డీఏ అయినా, మా నోళ్లకు ఆ కబురు ఇంకా అందలేదు. కానీ ఆ వుడా ఊళ్లో ఒక్క పార్కుతో ఊరుకుందా? ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పాత సెంట్రల్ జైలు ఉన్న స్థలంలో కూడా 2016లో ఒక పార్కు తెరిచింది. రెండో ఆటో డ్రైవరు లెక్క ప్రకారం అదీ వుడా పార్కే. న్యాయంగా చూస్తే అతని తప్పేమీ లేదు.

హనుమంతవాక సిగ్నల్ దాకా ఆ ఆటో మా వెనకే కనిపించింది. తరవాత కనిపించలేదు. నేను పట్టించుకోలేదు. మేం బీచ్ రోడ్డులో దిగి, చెట్టు నీడ చూసుకుని దుప్పటి పరిచేసరికి ఫోను మోగింది.

“అల్లుడుగారూ, మేం వచ్చేశాం. మీరెక్కడ?”

“మేమూ ఇక్కడే ఉన్నాం మావయ్యగారూ. మీకు ఏం కనిపిస్తోంది?”

“చెట్లున్నాయి. గడ్డి ఉంది. బెంచీ మీద ఒకాయన నిద్రపోతున్నాడు.”

ప్రపంచంలో ఈ మూడూ లేని పార్కు ఏదైనా ఉందా? “సముద్రం హోరు వినిపిస్తోందా?” అని అడిగాను.

“హోరుంది. బస్సులది.”

నాకు చెమటలు పట్టాయి. “అక్కడ ఎవరినైనా అడగండి, అది ఏ చోటో” అన్నాను. అవతల కాసేపు గుసగుసలు. ఆ తరవాత ఆయన గొంతు గంభీరంగా వచ్చింది. “మమ్మల్ని పాత జైలులో దింపారట.”

పులిహోర మా దగ్గర ఉంది. ప్లేట్లు, దద్దోజనం, మంచినీళ్లు జైలులో ఉన్నాయి. “మీరు కదలకండి, నేనే వస్తాను” అని మా ఆవిడ చేతికి క్యారియర్ అప్పగించి ఆటో ఎక్కాను. నేను ఎక్కగానే మావయ్యగారు కూతురికి ఫోన్ చేసి, “ఎండలో అల్లుడుగారికి శ్రమ ఎందుకమ్మా, మేమే వస్తున్నాం” అన్నారట. ఆ మాట నాకు చెబుదామని మా ఆవిడ ఫోన్ చేస్తే, దుప్పటి మీద ఆమె పక్కనే ఏదో మోగిందట. అది నా ఫోను.

పాత జైలు పార్కును ఆ రోజు నేను చూసినంత వివరంగా మరెవరూ చూసి ఉండరు. నాలుగు మూలలూ తిరిగాను. ఫౌంటెన్ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను. బెంచీ మీద నిద్రపోతున్న ఆయన ఉన్నాడు, మావాళ్లే లేరు. చివరికి ఆయన్నే లేపి, ఆయన ఫోన్ అడిగి ఇంటావిడకు చేశాను.

“ఎక్కడున్నారండీ?”

“జైల్లో.”

నేను మళ్లీ బీచ్ రోడ్డుకు చేరేసరికి పొద్దు గూకుతోంది. అందరూ చేతులు కడుక్కుని జంతికలు నములుతున్నారు. మా ఆవిడ క్యారియర్ నా ముందు పెట్టింది. అందులో అడుగున నాలుగు పిడచల పులిహోర, వాటి మీద అందరూ ఏరి పక్కన పెట్టిన ఎండుమిరపకాయలు కొలువుతీరి ఉన్నాయి.

“రేపు మంగళవారం కదా, జూ తెరుస్తారేమో బాబూ” అన్నారు అత్తయ్యగారు.

“తెరుస్తారు” అన్నారు మావయ్యగారు, పళ్లు కుట్టుకుంటూ. “కాకపోతే ఆటోవాడికి దారి నేను చెబుతాను.”