స్టూవర్ట్ రాజుల నుంచి స్టూవర్టుపురం దాకా

ఎర్ర నేల మీద పచ్చ, నీలం, పసుపు, తెలుపు చారలున్న గళ్ల గుడ్డను మనమంతా ఎక్కడో ఒకచోట చూసే ఉంటాం. విదేశాల నుంచి వచ్చినవాళ్లు తెచ్చే బిస్కెట్ డబ్బాల మీదా అదే, మెడకు చుట్టుకునే మఫ్లర్ల మీదా అదే. దాని పేరు రాయల్ స్టూవర్ట్. కెనడా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడ్డ స్కాట్లాండ్ సంతతికి ఆ గళ్ల మీద ఉన్న మోజు అంతా ఇంతా కాదు. ఇంటిపేరు స్టూవర్ట్ అయితే చాలు, ఎక్కడో పైతరంలో ఓ రాజుగారు ఉండి తీరాలి! నిజానికి, ఫలానా వంశానికి ఫలానా గళ్లు అనే పద్ధతిలో చాలా భాగం 19వ శతాబ్దంలో కుదిరిందే.

ఇంటిపేరు చరిత్రను రక్తం చరిత్రగా రాయడం దగ్గరే నాకు పేచీ. ఒక పేరుకు విలువ పుట్టినా, అదే పేరు నేరంగా మారినా, దాని వెనకాల ఉండేది అధికారం. ఇది స్టూవర్ట్ కథలో కనిపించినంత నగ్నంగా ఇంకెక్కడా కనిపించదు.

అసలు అది వంశం పేరే కాదు, ఉద్యోగం పేరు. ఫ్రాన్సులోని బ్రిటనీ మూలాలున్న వాల్టర్ ఫిట్జ్ అలన్ 12వ శతాబ్దంలో స్కాట్లాండ్ రాజు డేవిడ్ కొలువులో చేరాడు. రాజుగారి ఇంటి వ్యవహారాలు చక్కబెట్టే స్టూవార్డ్ పదవి ఆయనకు వంశపారంపర్యంగా దక్కింది. కరణీకం చేసినవాళ్లకు కరణం ఇంటిపేరైనట్టు, ఆ కొలువే వాళ్లకు ఇంటిపేరైంది. ఆరో స్టూవార్డ్ 1315లో స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ కూతురు మార్జొరీని పెళ్లాడాడు. బ్రూస్ కొడుకు సంతానం లేకుండా పోవడంతో, 1371లో మార్జొరీ కొడుకు రెండో రాబర్ట్ పేరుతో గద్దెనెక్కాడు. కత్తి దూయకుండానే, పెళ్లి పుణ్యమా అని రాజ్యం కలిసొచ్చింది. ఆ తర్వాత గద్దె మాత్రం వాళ్లను సుఖంగా ఉంచలేదు. ఆ వంశపు రాజుల్లో ఒక జేమ్స్‌ను పెర్త్‌లో సొంత మనుషులే పొడిచి చంపారు, ఇంకో జేమ్స్ తన ఫిరంగే పేలి పోయాడు, మరొకడు ఫ్లాడెన్ యుద్ధంలో కూలాడు. ఫ్రాన్సులో పెరిగిన మేరీ రాణి కాలంలో ఇంటిపేరుకు Stuart అనే ఫ్రెంచి స్పెల్లింగ్ స్థిరపడింది. 1587లో ఆమె తల ఇంగ్లండులో తెగిపడింది.

ఆ మేరీ కొడుకే ఆరో జేమ్స్. 1603 మార్చిలో ఎలిజబెత్ రాణి చనిపోవడంతో ఇంగ్లండు కిరీటమూ ఆయనకే దక్కింది. ఏప్రిల్ 5న లండన్ ప్రయాణం. సరిగ్గా రెండు రోజుల ముందు, ఏప్రిల్ 3న, ఆయన ప్రభుత్వం ఒక శాసనం చేసింది. మక్‌గ్రెగర్ అనే ఇంటిపేరు ఇక ఉండకూడదు. ఆ పేరు వదులుకోవాలి, లేదా చావాలి.

కారణం ఏమిటంటే, అంతకు రెండు నెలల కింద గ్లెన్ ఫ్రూయిన్ లోయలో మక్‌గ్రెగర్లు కహూన్ వంశంవాళ్లను ఊచకోత కోశారు. నేరం జరిగిన మాట వాస్తవం. కానీ శిక్ష పడింది చంపినవాళ్లకు మాత్రమే కాదు, పేరుకు పడింది. ఆ లోయ ఎక్కడుందో తెలియని ముసలమ్మా, ఉయ్యాల్లో పసివాడూ ఒక్క పూటలో నేరస్తులైపోయారు. తర్వాత తర్వాత ఆంక్షలు ఇంకా బిగిశాయి. నలుగురికి మించి ఒకచోట చేరకూడదు. మాంసం కోసుకోవడానికి మొన లేని కత్తి తప్ప ఇంకే ఆయుధమూ దగ్గర ఉండకూడదు. 1633లో పాదిరీలకూ హుకుం వచ్చింది, ఏ మగబిడ్డకూ గ్రెగర్ అని పేరు పెట్టొద్దని. వంశ పెద్ద అలస్టేర్‌ను క్షేమంగా ఇంగ్లండు గడ్డ మీదికి చేరుస్తానని ఆర్గైల్ ప్రభువు మాటిచ్చాడు. మాట తప్పలేదు కూడా! సరిహద్దు దాటించి, ఆ వెంటనే వెనక్కి తెచ్చి, 1604 జనవరిలో ఎడిన్‌బరోలో ఉరి తీయించాడు. మిగిలినవాళ్లు గ్రాహం, మర్రే, డ్రమండ్ అనే పేర్ల చాటున బతికారు. కొందరు ఏకంగా స్టూవర్ట్ అనే పెట్టుకున్నారు. కథల్లోకెక్కిన రాబ్ రాయ్ సైతం తల్లి ఇంటిపేరైన క్యాంప్‌బెల్‌తో తిరగాల్సి వచ్చింది. మధ్యలో కొన్నాళ్లు ఎత్తేసి, మళ్లీ తెచ్చిన ఆ నిషేధం 1774లో గానీ పూర్తిగా పోలేదు.

ఈలోగా చక్రం తిరిగింది. 1746లో కలోడెన్ యుద్ధంలో ఓటమితో, పోగొట్టుకున్న గద్దె మళ్లీ దక్కుతుందన్న స్టూవర్ట్ రాజుల ఆశ అడుగంటింది. 1752లో స్కాట్లాండ్‌లోని ఆపిన్ ప్రాంతంలో క్యాంప్‌బెల్ వంశానికి చెందిన ఒక అధికారిని ఎవరో కాల్చి చంపారు. దొరికింది జేమ్స్ స్టూవర్ట్, రాజు కాదు, అదే ఇంటిపేరున్న మామూలు మనిషి. కాల్చినవాడు ఆయనేనని ఎవరూ అనలేదు, కుట్రలో భాగం ఉందన్నారు. విచారణ క్యాంప్‌బెల్‌ల కోటలాంటి ఇన్వరేరీలో. 15 మంది జ్యూరీలో 11 మంది క్యాంప్‌బెల్‌లే. న్యాయపీఠం మీద క్యాంప్‌బెల్‌ల పెద్ద, ఆర్గైల్ డ్యూక్. తీర్పు ఏమై ఉంటుందో వేరే చెప్పాలా? ఒకనాడు ఇంకొకరి పేరును చట్టంతో చంపిన ఇంటిపేరు, నూటయాభై ఏళ్లకు తానే బోనెక్కింది.

స్టూవర్ట్ అనగానే మూడుసార్లు ఫార్ములా వన్ చాంపియన్ అయిన జాకీ స్టూవర్ట్‌నో, తత్వవేత్త డూగల్డ్ స్టూవర్ట్‌నో తలుచుకుంటారు. తలుచుకోనివ్వండి. తెలుగువాడి చెవికి మాత్రం ఆ పేరు బాపట్ల, చీరాల మధ్య రైలు స్టేషన్ బోర్డు మీదే తగులుతుంది.

స్టూవర్టుపురానికి ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలో హోం వ్యవహారాలు చూసిన హెరాల్డ్ స్టూవర్ట్ మీదుగా వచ్చింది. 1871 నాటి నేరస్త తెగల చట్టాన్ని 1911లో మద్రాసుకూ వర్తింపజేశాక, ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ సెటిల్‌మెంట్ పెట్టారు, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. పేరు రిజిస్టర్‌లో ఎక్కాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాస్ చూపాలి. అంతకుముందు వీళ్లు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు తిరిగిన వ్యాపారులు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, ఆపైన రైళ్లు వచ్చి ఆ బతుకుతెరువును మింగేశాయి. కూడు తీసేసి, తిరిగే కాళ్లను అనుమానించి, చివరికి పుట్టుకనే నేరం చేశారు. ఎడిన్‌బరోలో 1603లో రాసిన శాసనానికీ దీనికీ ఆలోచనలో ఏమిటి తేడా?

‘అక్కడ దొంగలు లేరా?’ అని అడుగుతారు. ఉన్నారు. మక్‌గ్రెగర్లలోనూ పశువుల దొంగలు ఉన్నారు. దొంగతనం చేసినవాడి మీద కేసు పెట్టడానికి మామూలు చట్టం చాలు. పేరు మీద కేసు పెట్టడానికే ప్రత్యేక చట్టం కావాలి.

1952లో కేంద్రం ఆ చట్టాన్ని రద్దు చేసింది, రాష్ట్రాలేమో అలవాటు నేరస్తుల చట్టాలంటూ కొత్త గుమ్మం తెరిచాయి. 1970ల్లో జాషువా కూతురు హేమలత, ఆమె భర్త లవణం ఆ ఊళ్లో దిగి మనుషులతో పనిచేశారు. మన సినిమావాళ్లు మాత్రం ఇప్పటికీ గజదొంగ కావాలంటే ఆ ఊరి పేరే వాడుకుంటారు, చప్పట్లూ పడతాయి. అదే స్కాట్లాండ్‌లో, 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జ్ వచ్చినప్పుడు రాజచిహ్నాలకు కాపలాగా నడిచే గౌరవం ఎవరికి దక్కిందనుకున్నారు? మక్‌గ్రెగర్లకే.

జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయాలనీ, ఒకప్పుడు ఆ నేరస్త తెగల చట్టం కింద ఉన్న విముక్త తెగలవారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయొద్దనీ 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పింది. బాగానే ఉంది, కానీ అసలు రోగం పోలీస్ స్టేషన్ బీరువాలో ఉంటుంది. రెండు తెలుగు ప్రభుత్వాలూ స్టేషన్లవారీగా సస్పెక్ట్ షీట్లు, అంటే అనుమానితుల మీద పోలీసులు తెరిచి ఉంచే కాగితాలు, బయటికి తీసి, అందులో ఎవరి పేరు ఏ కేసు మీద ఎక్కిందో ఆ మనిషికే రాతపూర్వకంగా చెప్పాలి. కేసు చూపించలేని షీటును అదే రోజు మూసేయాలి.