ఇంకో రెండు ఓవర్లట!

నిన్నటి నుంచి కోపం దిగట్లేదు, అందుకే రాస్తున్నాను.

టాంపాలో మా పిల్లల క్రికెట్ ప్రాక్టీసు శనివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టారు. ఆగస్టులో, ఫ్లోరిడాలో, మధ్యాహ్నం మూడు! ఇక్కడ ఎండాకాలమంతా పడమట మెక్సికో గల్ఫ్ వైపు నుంచి ఒక సముద్రపు గాలి, తూర్పున అట్లాంటిక్ వైపు నుంచి ఇంకొకటి లోపలికి వచ్చి ఢీకొంటాయి. దాదాపు రోజూ ఆ వేళకే ఉరుములు. పదేళ్లుగా ఇక్కడున్నవాళ్లకి ఇది నేను చెప్పాలా?

మూడున్నరకి తూర్పున ఉరిమింది. "పిల్లల్ని కార్లలోకి పంపించండి" అన్నాను. ప్రాక్టీసు చూసుకునే ఆయన "చినుకు కూడా పడలేదక్కా, ఇంకో రెండు ఓవర్లు" అన్నారు. పక్కనున్నవాళ్లు నవ్వారు. మా వాడు తల దించుకున్నాడు, అమ్మ అందరి ముందూ పరువు తీస్తోందని.

చినుకుతో ఏం పనండీ? పిడుగు వాన ఉన్న చోటే పడాలని లేదు. మబ్బుకి పదిహేను కిలోమీటర్ల అవతల, ఎండలో ఉన్నవాళ్ల మీదా పడుతుంది. ఉరుము వినపడిందంటే మనం దానికి అందే దూరంలో ఉన్నట్టే.

తీరా వాన మొదలయ్యాక అందరూ పరిగెత్తి ఎక్కడికి వెళ్లారో తెలుసా? పార్కులో నాలుగు స్తంభాల మీద రేకులు వేసిన షెడ్డు కిందికి. గోడలు లేని షెడ్డు వానని ఆపుతుంది కానీ పిడుగుని ఆపదు. ఇరవై అడుగుల్లో కార్లున్నాయి. అద్దాలు ఎత్తుకుని లోపల కూర్చుంటే చాలు, చుట్టూ ఉన్న ఇనుప బాడీయే కాపాడుతుంది. కాదు, టైర్ల రబ్బరు వల్లని ఒకాయన నాతో వాదించారు. పది నిమిషాలకి వాన తగ్గగానే మళ్లీ వికెట్లు పాతారు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలని మా పదకొండేళ్ల వాడికే తెలుసు.

ఆ ప్రాక్టీసు చూసుకునే ఆయనే 2024 అక్టోబర్‌లో మిల్టన్ హరికేన్ వస్తుంటే రెండు రోజుల ముందే కుటుంబంతో అట్లాంటా వెళ్లిపోయారు. మా అందరికీ ఫోన్ చేసి బయల్దేరమన్నారు, అది మంచి పనే. కానీ ఆ మిల్టన్ మాకు దక్షిణాన సియెస్టా కీ దగ్గర తీరం దాటకముందే, అవతలి అట్లాంటిక్ తీరాన సెయింట్ లూసీ కౌంటీలో దాని ఉరుముల మబ్బుల్లోంచి దిగిన టోర్నడో ఆరుగురిని చంపింది. పేరు పెట్టిన తుఫానుకే భయపడతాం. జూన్ నుంచి నవంబర్ దాకా గ్యారేజీలో నీళ్ల సీసాలు, జనరేటరు సిద్ధం. రోజూ నెత్తిన ఉరిమేదానికి పేరు లేదు కాబట్టి లెక్క లేదు.

నా కోపం ఈయన ఒక్కరి మీదే కాదు. మా ఊళ్లో పత్తి చేలో కలుపు తీస్తుంటే ఉరుములు మొదలయ్యాయి. మేస్త్రి "ఈ సాలు అయ్యాక పోదాం" అన్నాడట. వాన ముంచుకొచ్చాక అందరూ వేప చెట్టు కిందికి పరిగెత్తారు. అర్జునా ఫల్గుణా అనుకుంటూ నిలబడ్డారు. మా పెద్దమ్మ మీద పిడుగు పడింది. ఒంట్లో ఇంకా కరెంటు ఉంటుందని ఎవ్వరూ ముట్టుకోలేదు. ఏ కరెంటూ ఉండదు! పిడుగు తగిలిన మనిషిని వెంటనే తాకొచ్చు. గుండె ఆగిపోతే ఛాతీ మీద నొక్కాలి, అప్పుడే నొక్కాలి. ఆటో వచ్చేదాకా ఆవిడ ఆ బురదలోనే పడి ఉంది. పదో రోజున వచ్చినవాళ్లంతా "దాని రాత అంతే" అన్నారు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ మాట ఈ రోజుకీ మింగుడు పడలేదు. రాత కాదు, ఆ ఒక్క సాలు.

నిన్న "రెండు ఓవర్లు" అనగానే నాకు వినపడింది అదే.

వచ్చే శనివారం కూడా మా వాణ్ణి తీసుకొస్తాను, వాడికి ఆటంటే ప్రాణం. కానీ మొదటి ఉరుముకే నేనే పిచ్ మీదికి వెళ్లి వికెట్లు పీకేస్తాను. నవ్వేవాళ్లు కార్లో కూర్చుని నవ్వండి, పిల్లల్ని పక్కన పెట్టుకుని.