గురక గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గురక గారికి,

మా ఆయన గొంతులో మీరు కాపురం పెట్టాక మా ఇంట్లో మీకు దక్కే మర్యాద కొత్త అల్లుడికి కూడా దక్కలేదు. ‘పాపం, పగలంతా కష్టపడి ఒళ్లు తెలీకుండా నిద్రపోతున్నాడు’ అని మా అత్తగారు మీ చప్పుడు విని మురిసిపోతారు. మీ సంగతి తెలియనిది ఇంట్లో ఆయనొక్కరికే. ‘నేనా? గురకా?’ అంటారు.

మీ మోతతో నాకు పేచీ లేదండీ. మధ్యలో ఠక్కున ఆగిపోతారు చూడండి, దానితోనే. నిద్రలో గొంతు కండరాలు వదులై, మెడ చుట్టూ చేరిన కొవ్వు నొక్కి, గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. 10 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువసేపు గానీ ఊపిరి ఆగినా, బాగా తగ్గినా డాక్టర్లు ఒకసారిగా లెక్కేస్తారు. అలా గంటకు 30 దాటితే తీవ్రమైన స్లీప్ యాప్నియా. అంటే రెండు నిమిషాలకోసారి! ఆగిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడుతుంది, బీపీ ఎగబాకుతుంది. రాత్రిపూట కాస్త తెరిపిన పడాల్సిన గుండె చేత మీరు నైట్ డ్యూటీ చేయిస్తున్నారు.

బీపీ మాత్రలు ఒకటి రెండయ్యాయి, రెండు మూడయ్యాయి. డాక్టరు గారు ఉప్పు గురించి అడిగారు, ఆవకాయ గురించి అడిగారు. మీ గురించి అడగలేదు. అడిగినా ఆయన్నే అడుగుతారు, సాక్షిని నేనైతే!

మీకు అండ ఆ పొట్టే. బరువు 10 శాతం పెరిగితే ఊపిరి ఆగడాలు సుమారు మూడో వంతు పెరుగుతాయని, 10 శాతం తగ్గితే పావు వంతు తగ్గుతాయని అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు 2000లోనే తేల్చారు. వాకింగ్‌కి రమ్మంటే, రాత్రంతా మీతో కుస్తీ పట్టిన మనిషికి ఓపికెక్కడిది? సోఫాలో కునుకు, ఆపైన నాలుగు పకోడీలు.

మాస్కులోంచి గాలి పంపి గొంతు దారి తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రం 1981 నుంచీ ఉంది. చెబితే ‘అది పెట్టుకుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?’ అన్నారు. ఆ వేళప్పుడు చూసేదాన్ని నేనొక్కదాన్నే కదండీ! పైగా ‘దానివల్ల గుండెపోట్లు తగ్గలేదని 2016లో తేలిందట’ అని వాదన. ఆ అధ్యయనంలో జనం రాత్రికి సగటున మూడు గంటల చిల్లరే పెట్టుకున్నారని మాత్రం చదవలేదు.

వచ్చే సోమవారం స్లీప్ టెస్టు. ఒంటికి వైర్లు అంటించి రాత్రంతా మీ ప్రతాపం రికార్డు చేస్తారట. కొత్త చోటని ఆ ఒక్క రాత్రీ మొహమాటపడకండి.

ఇట్లు,
పక్క దిండు మీది శ్రోత